వేడి మీద కొలత

మళ్ళీ పెద్దదనే చూపించింది.

తెర మీద ఎర్రగీత పడినా ఆమె తల ఎత్తలేదు. ఎత్తితే అద్దం అవతల నిలబడ్డ అన్నను చూడాలి. పొద్దుటినుంచీ ఇదే వరస. అతను బోరింగ్ మిషన్ మీంచి పంపు బాడీని దించుతాడు, గుడ్డతో తుడుస్తాడు, రెండు చేతులా పట్టుకొచ్చి గోడలో ఉన్న చిన్న కిటికీలోంచి లోపలికి తోస్తాడు. ఆమె దాన్ని నల్లరాతి బల్ల మీద పెట్టి బిగిస్తుంది. కొలిచే మిషన్ చెయ్యి మెల్లగా దిగి, కొసన ఉన్న ఆవగింజంత ఎర్రపూసతో బోరు, అంటే బాడీ నడుమ తొలిచిన గుండ్రటి రంధ్రం, లోపలి గోడను అక్కడా ఇక్కడా తాకి, లేచిపోతుంది. తర్వాత తెర మీద ఒక అంకె. అంకె పక్కన పచ్చగీత పడితే ముక్క మంచిది, కూలి పడుతుంది. ఎర్రగీత పడితే చెడ్డది. కూలి పోవడమే కాదు, పోత పోసిన అల్యూమినియం ఖరీదు కూడా పనివాడి నెత్తిన పడుతుంది. ఒక్క ముక్క చెడితే నాలుగు మంచి ముక్కల కూలి హుళక్కి.

ఆమె ముక్క మీద ఎర్రచుక్క పెట్టి కిటికీలోకి తోసింది. అన్న అందుకుని బోరులో వేలు పెట్టి చుట్టూ తడిమాడు.

"ఎంత?" అన్నాడు.

"ఇందాకటంతే అన్నయ్యా. వెంట్రుకవాసి పెద్దది."

"నా గేజీ సరిగ్గానే ఉందంటోందే."

ఆమె తర్వాతి ముక్క కోసం బల్ల తుడిచింది.

"సర్లే. అదీ నాలాగే ముసలిదైపోయింది" అని అతను ముక్కను ఎర్రచుక్కల బండిలో పెట్టాడు. చెడిపోయిందని చెప్పిన ముక్కను కూడా విసిరెయ్యడం అతనికి చేతకాదు. నిద్రపోతున్న పిల్లను దింపినట్టు దింపాడు.

షెడ్డులో అతన్ని వెంట్రుక మేస్త్రి అంటారు. నెత్తిన ఒక్కటీ లేదు గనక ఆ పేరు మరీ అతికింది. నిజానికి పేరు వచ్చింది నెత్తివల్ల కాదు, చేతివల్ల. బోరులో వెంట్రుకవాసి తేడా రానివ్వడని, వస్తే అన్నం సయించదని పాతవాళ్ళు చెబుతారు. బోరులో పెట్టి కొలిచే అతని గేజీ కంపెనీది కాదు, సొంతం. ముక్కంత వేడిగా ఉంచిన అల్యూమినియం రింగులో పెట్టి దాన్ని రోజూ సరిచూసుకుంటాడు. పాత చొక్కా గుడ్డలో చుట్టి అన్నం సంచిలో ఇంటికి తీసుకెళ్ళి, పొద్దున్నే మళ్ళీ తెస్తాడు. పెళ్ళాన్ని పుట్టింటికి పంపి ఉంటాడు గాని గేజీని ఒక్క రాత్రి షెడ్డులో వదల్లేదని వదిన ఎగతాళి.

ఎండలు ముదిరాయి. రేకుల కప్పు కింద మనుషులు తడిగుడ్డలు తలకు చుట్టుకుని పనిచేస్తున్నారు. ఆమె ఉన్న గది మాత్రం ఏడాది పొడుగునా ఒక్కటే చలి, ఇరవై డిగ్రీలు. అది మనుషుల మీద దయతో పెట్టిన చలి కాదు. లోహం వేడికి ఉబ్బుతుంది, చలికి కుంచించుకుంటుంది గనక లోకంలో ఎక్కడ కొలిచినా ఇరవై దగ్గరే కొలవాలని పెద్దలు నిర్ణయించారు. అందుకని రాతిబల్లకు చల్లగాలి వచ్చింది, ఆ బల్లను కనిపెట్టుకుని ఉండే ఆమెకూ కాస్త తగిలింది. షెడ్డులో వాళ్ళు ఆమెను ఫ్రిజ్జు అని పిలుస్తారు. వదినైతే, "రాతిబండకి చల్లగాలీ, మనిషికి ఉడుకూనా? ఇంకో జన్మంటూ ఉంటే ఆ బండగా పుట్టాలమ్మా" అంటుంది.

ఆమెను చదివించింది అన్నే. తల్లి పోయాక, ఓవర్‌టైం మీద ఓవర్‌టైం చేసి డిప్లొమా చేయించాడు. కంపెనీ కొలిచే మిషన్ కొన్నప్పుడు ఆఫీసు గుమ్మం దగ్గర రోజుల తరబడి నిలబడి చెల్లెలికి ఆ ఉద్యోగం ఇప్పించుకున్నాడు. మిషన్ వచ్చిన కొత్తలో ఒక ఆదివారం, ఎవరూ లేనప్పుడు, ఆమె అతన్ని చలిగదిలోకి తీసుకెళ్ళి అన్నీ చూపించింది. అతను చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు.

"ఈ తెల్లగోళం చూశావా, దీని కొలత మనకి ముందే తెలుసు. రోజూ పొద్దున్నే పూసతో దీన్ని నాలుగు వైపులా తాకిస్తాను. అప్పుడు మిషన్‌కి తన పూస ఎంతుందో తనకే తెలుస్తుంది. ఇదిగో, ఈ బూడిదరంగు పెట్టె, ఇది కంట్రోలర్. పూస ఎంత మెల్లగా దగ్గరికి రావాలి, ఎంత ఒత్తిడి తగిల్తే తాకినట్టు, అన్నీ దీనికి చెప్పి పెట్టాలి. మనం ఏం చెబితే అదే దానికి వేదం."

"మరి ముక్క వేడిగా ఉంటే?" అన్నాడు అన్న. పనివాడు అడిగే ప్రశ్నే అది.

"దానికీ ఉంది. ఈ బిళ్ళ ముక్కకి తగిలిస్తే వేడెంతో కంట్రోలర్‌కి చెబుతుంది. ఉబ్బినంత మేరా అదే తీసేసి అసలు కొలత చెబుతుంది. నువ్వు వేడి గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు అన్నయ్యా."

అతను పొంగిపోయాడు. మిషన్‌ని చూసి కాదు, చెల్లెల్ని చూసి. ఆ రోజునుంచీ చలిగది మాటంటే అతనికి తిరుగులేదు.

ఈ ఏడు ఎండలు మొదలైన కొత్తలో క్వాలిటీ సారు చలిగదిలోకి వచ్చాడు. మెత్తటి మనిషి. గొంతు పెంచడం ఎవరూ వినలేదు. ఆడవాళ్ళందరినీ తల్లీ అనే పిలుస్తాడు.

"తల్లీ, ఈ బిళ్ళ తగిలించడం, తీయడం, టైం పోతోంది. తీసి నాకివ్వు."

"మరి వేడి ఎలా తెలుస్తుంది సార్?"

"ఇరవై అని చేత్తో కొట్టెయ్. గది ఇరవైలోనే ఉంది కదా."

"గది ఇరవై సార్. ముక్క కాదు. చెయ్యి పెడితే చురుక్కుమంటోంది. ఇరవై అని కొడితే అన్నీ పెద్దవని చూపిస్తుంది."

"చూపించనీ" అని, సారు బిళ్ళను జేబులో వేసుకుని వెళ్ళి తన డ్రాయరులో పెట్టి తాళం వేశాడు.

ఆమె సెట్టింగుల్లోకి వెళ్ళి, ముక్క వేడి అన్న గడిలో ఇరవై అని కొట్టింది. మిషన్ మారు మాట్లాడకుండా ఒప్పుకుంది. ఆ రోజు సగం ముక్కలు ఎర్రచుక్కలతో బయటికి వెళ్ళాయి. మర్నాడు పొద్దున్నే, పనివాళ్ళు రాకముందు, సారు ఆ ఎర్రచుక్కల బండినే చలిగదికి తోయించాడు. రాత్రంతా చల్లారిన ముక్కలు. ఇంకోసారి కొలవమన్నాడు. ఒక్కొక్కటే కొలుస్తుంటే తెర మీద పచ్చగీత తప్ప ఎర్రది రాలేదు. సారు స్పిరిట్ గుడ్డతో ఎర్రచుక్కలు తనే తుడిచి, ముక్కల్ని లారీకి పంపించాడు. కూలి లేకుండా, పైగా లోహం ఖరీదు ఎదురు వసూలు చేసి చేయించుకున్న సరుకు. మనుషుల్ని పిండి దోచుకోవడానికి గానుగ కూడా అక్కర్లేదు, ఒక అంకె చాలు.

ఆమె చివరి ముక్క పట్టుకునే ఆగింది. "సార్, ఇవి మంచివే కదా. నిన్నటి కూలి..."

"తల్లీ" అన్నాడు సారు, గుడ్డ మడత పెడుతూ. "నీకూ నాకూ పైన ఒకాయన ఉన్నాడు. కూలీ ఖర్చు తగ్గించు అన్నాడు, ఎలాగని చెప్పలేదు. నీ ఉద్యోగం ఏడాది చివర ఖాయం చెయ్యాలి. చేసేది నేనే. ఇంతకంటే చెప్పించకు."

అంతకంటే చెప్పనక్కర్లేకపోయింది. ఇంట్లో అన్న కూలి తగ్గేకొద్దీ ఆమె జీతం అవసరం పెరిగింది. జీతం అవసరం పెరిగేకొద్దీ ఆమె నోరు మూతపడింది. ఈ లెక్క కట్టిన మహానుభావుడెవరో గాని భేషుగ్గా కట్టాడు. కక్కలేక మింగలేక ఆమె రోజూ తెల్లగోళాన్ని తాకించేది, ఒత్తిడి సరిచూసేది, వేగం సరిచూసేది, చివర ఇరవై ఉన్న గడిని చూసీ చూడనట్టు దాటేసేది.

ఇవాళ ఎర్రచుక్కల బండి నిండుతున్న మధ్యాహ్నం వేళ సారు షెడ్డు మధ్య నిలబడి అందరికీ చెప్పాడు. ఎర్రచుక్కలు ఎక్కువైనవాళ్ళని నెలాఖరున మిషన్ మీంచి దింపేస్తారట. దింపడమంటే హెల్పర్ పని. బరువులు మోయడం, ఊడ్వడం, సగం కూలి. చెప్పినంతసేపూ సారు ఎవరి మొహమూ చూడలేదు. అందరూ మాత్రం వెంట్రుక మేస్త్రి మొహమే చూశారు. బండిలో అతనివే ఎక్కువ. అతని బోర్లు ఎప్పుడూ సరిగ్గా మధ్య కొలతకి ఉంటాయి గనక ఉబ్బిన ప్రతిదీ గీత దాటుతోంది. కాస్త చిన్నగా, నిర్లక్ష్యంగా చేసేవాళ్ళవి తప్పించుకుంటున్నాయి. పని వచ్చినవాడికి పడుతున్న శిక్ష అది. షెడ్డు మొత్తంలో ఆ సంగతి తెలిసి పనిచేస్తున్న మనిషి ఆమె ఒక్కతే.

ఆ సాయంత్రం అన్న అన్నం ముందు కూర్చుని గేజీ విప్పి, గుడ్డతో తుడిచి, మళ్ళీ చుట్టాడు.

"దానికి దిష్టి తీస్తున్నావా?" అంది వదిన, కుట్టుమిషన్ ఆపి. వదిన ఇంటి దగ్గర పిల్లల స్కూలు బట్టలు కుడుతుంది.

"ఇన్నాళ్ళూ దీన్ని నమ్మాను. ఇది అబద్ధం చెబుతోందే."

"గేజీ అబద్ధం చెప్పడమేంటి. చెబితే మనుషులే చెప్పాలి."

ఆమె ముద్ద నోట్లో పెట్టుకుని నమలకుండా ఉండిపోయింది. వదిన ఆ మాట ఎవర్నీ ఉద్దేశించి అనలేదు.

ఆ తర్వాత ఏం జరిగిందో గాని, అతని ముక్కలు పచ్చబడ్డాయి. ఒకటి, రెండు, బండి మొత్తం. కిటికీలోంచి ముక్క తోసి అతను పిల్లాడిలా తెర వైపు మెడ సాచేవాడు. పచ్చగీత పడగానే తలగుడ్డ విప్పి బట్టతల తుడుచుకునేవాడు. ఆమెకీ ప్రాణం లేచొచ్చింది. ఎందుకని ఆలోచించలేదు. కష్టం తీరుతుంటే కారణం అడిగేవాళ్ళు ఎంతమంది?

కూలి చేతికి వచ్చిన సాయంత్రం అతను వదినకి కొత్త కత్తెర, చెల్లెలికి ఉన్ని శాలువా తెచ్చాడు. "చలిగదిలో భుజాల మీద వేసుకో" అన్నాడు. వదిన కత్తెరను గాలిలో రెండుసార్లు ఆడించి, "మొగుడు బంగారం, ఇవాళ మటుకు" అంది. చాలా రోజులకి ఆ ఇంట్లో నవ్వు వినిపించింది.

"ఇంతకీ ఏం మంత్రం వేశావు?" అని అడిగింది వదిన.

"మంత్రం ఏముంది. గేజీ మాట వినడం మానేశాను, అంతే. చలిగది పెద్దదంటోంది కదా, బోరు కోసే బైటుని వెంట్రుకవాసి లోపలికి లాగాను. గేజీ పెట్టి చూస్తే చిన్నదని గోల పెడుతోంది. పెట్టనీ. మిషన్ పచ్చగా చూపిస్తోంది. వేడి సంగతి అదే చూసుకుంటుందని నా చెల్లెలు ఏనాడో చెప్పింది."

శాలువా ఆమె ఒళ్ళోంచి జారిపోయింది.

వేడి మీద సరిగ్గా ఉన్న బోరు చల్లారితే చిన్నదైపోతుంది. ఎర్రచుక్కలవి పొద్దున్నే మళ్ళీ కొలుస్తున్నారు గాని పచ్చవి కొలవడం లేదు. అవి తిన్నగా లారీ ఎక్కుతున్నాయి. ఇన్నాళ్ళూ అతను మంచి ముక్కలు చేస్తుంటే చెడ్డవన్నారు. ఇప్పుడు అతను నిజంగానే చెడ్డవి చేస్తున్నాడు, మంచివంటున్నారు. జీవితంలో ఒక్క బోరు పాడుచెయ్యని మనిషి చేత లారీడు బోర్లు పాడు చేయించింది ఆమె కొట్టిన ఆ అంకె.

అప్పుడే చెప్పి ఉండవలసింది. నోటిదాకా వచ్చింది కూడా. కాని వదిన కత్తెరతో పాత గుడ్డపేలిక కోసి పదును చూసుకుంటోంది, అన్న నవ్వుతున్నాడు, రేపు చూద్దాంలే అనుకుంది. రేపటికి వాయిదా వేసిన మాట ముల్లులాంటిది, లోపలికే దిగుతుంది.

మర్నాడు అన్న ముక్కల్లో ఒకదాన్ని రాతిబల్ల కింద దాచి, పూర్తిగా చల్లారాక కొలిచింది. చిన్నది. చాలా చిన్నది. ఆమె సారు దగ్గరికి వెళ్ళి చెప్పింది. సారు మొహంలో మొదటిసారి రంగు మారింది.

"ఎన్ని వెళ్ళిపోయాయి?"

"నిన్నటి లారీలో అన్నీ అవే సార్."

సారు లేచి తలుపు దగ్గరగా వేశాడు. "నువ్వు చూడలేదు, నేను వినలేదు" అన్నాడు. "అదృష్టం బాగుంటే వాళ్ళూ చూడరు తల్లీ. ఈ పూటనుంచీ పచ్చవి కూడా పొద్దున్నే ఇంకోసారి కొలుద్దాం."

"మరి ఇరవై తీసేస్తే సరిపోతుంది కదా సార్?"

"ఆ గడి జోలికి మాత్రం వెళ్ళకు."

కొన్నవాళ్ళు చూశారు. బేరింగు పెడితే దిగలేదు, సుత్తితో కొడితే బాడీ పగిలింది. లారీ ఎలా వెళ్ళిందో అలాగే తిరిగి వచ్చింది. యజమాని ఆ ఏడాది షెడ్డులో అడుగు పెట్టింది ఆ రోజే. చలిగది ముందు అన్నను నిలబెట్టారు. సారు ఆమెను బయటికి పిలిచాడు.

"మిషన్ సరిగ్గానే ఉందా?" అన్నాడు యజమాని.

అందరూ ఆమె వైపు చూశారు. అన్న కూడా చూశాడు, భయంతో కాదు, నమ్మకంతో. నా చెల్లెలు చూసే మిషన్‌లో తప్పెలా ఉంటుందని ఆ చూపు. సారు తన గోళ్ళు చూసుకుంటున్నాడు.

"సరిగ్గానే ఉంది సార్" అంది ఆమె.

మాటకు మాటగా చూస్తే అందులో అబద్ధం లేదు. మిషన్ తనకి చెప్పింది చెప్పినట్టే చేసింది.

"మరి నీ బైటు ఎవరు కదిపారు?" అన్నాడు యజమాని అన్నతో.

"నేనే సార్" అన్నాడు అన్న. "నాదే తప్పు."

ఆ షెడ్డులో ఒక ఆచారం ఉంది. ఒక లాటు సరుకు పాడుచేసినవాడే దాన్ని పగలగొట్టాలి. ఎప్పుడు ఎవరు పెట్టారో తెలియదు, పాత మేస్త్రీలు కూడా అది న్యాయమేనని తలూపుతారు. వెనకవైపు తుక్కు పాకలో తిరిగొచ్చిన బాడీలన్నీ పోయించి, అన్న చేతికి సమ్మెట ఇచ్చారు. కరిగించే కొలిమిలో పట్టేలా ముక్కలు చెయ్యాలి. నష్టం తీరేదాకా హెల్పర్ కూలి. తర్వాత కూడా మిషన్ ఇవ్వరు. చలిగది అద్దం మందమే గాని సమ్మెట చప్పుడు ఆపేంత మందం కాదు. ఒక్కో దెబ్బకి రాతిబల్ల మీద పూస సన్నగా అదిరి, తాకని చోట తాకినట్టు చూపించేది. ఆమె కొలత ఆపి, దెబ్బకీ దెబ్బకీ మధ్య మళ్ళీ మొదలుపెట్టేది.

ఆ సాయంత్రం అన్న బొబ్బలెక్కిన అరచేతులతో వచ్చాడు. వదిన కొబ్బరినూనె రాస్తుంటే ఆమె గోడకి ఆనుకుని కూర్చుని అంతా చెప్పింది. బిళ్ళ డ్రాయరులోకి వెళ్ళిన దగ్గరినుంచి, తుడిచేసిన ఎర్రచుక్కలు, దాచి కొలిచిన ముక్క, సరిగ్గానే ఉంది సార్ దాకా. ఏదీ మిగల్చలేదు. ఏడవలేదు కూడా. ఏడిస్తే జాలి అడిగినట్టుంటుందని ఆపుకుంది.

వదిన చెయ్యి ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆమె అన్న తిట్ల కోసం ఎదురు చూసింది. కొడతాడేమో, కొడితే బాగుండునని కూడా అనుకుంది.

"అయితే నా గేజీ కరెక్టేనన్నమాట" అన్నాడు.

"కరెక్టే అన్నయ్యా."

"మొదట్నుంచీ?"

"మొదట్నుంచీ."

అతను లేచి, సంచిలోంచి గేజీ తీసి, గుడ్డ విప్పి, నూనె చేతులని గుర్తొచ్చి తాకకుండా అలాగే చూస్తూ నిలబడ్డాడు.

"రేపు నేను వెళ్ళి యజమానికి చెప్పేస్తాను" అంది ఆమె.

"చెబితే? యజమానికి తెలియకుండానే జరిగిందంటావా?" అతని గొంతులో కోపం లేదు. ఉంటే ఆమెకి తేలికయ్యేది. "నా పని ఎలాగూ పోయింది. నీదీ పోతే ముగ్గురం ఏం తినాలి? నోరు మూసుకుని నీ పని చేసుకో. ఇది నేను చెబుతున్న మాట."

వదిన మాత్రం ఒక్క మాట అనలేదు. ఏ సంగతికైనా సామెత సిద్ధంగా ఉండే మనిషి. నూనెగిన్నె మూత పెట్టి, కుట్టుమిషన్ ముందు కూర్చుని, అటు తిరిగి తొక్కడం మొదలుపెట్టింది.

పొద్దున్నే గట్టు మీద రెండు అన్నం డబ్బాలు ఉండే చోట ఒకటే ఉంది. ఆమె అడగలేదు. గేటు దాకా ఇద్దరూ మాటల్లేకుండా నడిచారు. తుక్కు పాక వైపు తిరిగేముందు అన్న తన డబ్బా ఆమె చేతిలో పెట్టాడు.

"మీ వదిన మర్చిపోయింది" అన్నాడు. "నాకు ఆకలి లేదులే."

ఆమె వద్దనేలోపు వెళ్ళిపోయాడు. సంచి తేలిగ్గా ఊగుతోంది. అందులో గేజీ లేదు.

చలిగదిలో ఆమె తెల్లగోళాన్ని తాకించింది. పూస కొలత సరిపోయింది. ఒత్తిడి, వేగం, అన్నీ సరిపోయాయి. చివరి గడిలో ఇరవై. కిటికీ తలుపు మీద ఎవరో తట్టారు.

ఇన్నాళ్ళూ అన్న నడిపిన మిషన్ మీద నిలబెట్టిన కొత్త మనిషి. నిన్నటిదాకా పాలిష్ పట్టిన చేతులు, గోళ్ళ నిండా నలుపు. యాభై దాటినా షెడ్డులో అందరికీ బుడ్డోడే.

"నా మొదటి ముక్కమ్మా" అన్నాడు సిగ్గుపడుతూ. "కాస్త చల్లగా చూడు."

ఆమె అందుకుంది. చేతొడుగులోంచి కూడా వేడి తగిలింది. రాతిబల్ల మీద పెట్టింది, బిగించింది. కీబోర్డు మీదకి చెయ్యి వెళ్ళింది. వెనక పాకలో సమ్మెట పడింది. పూస అదిరింది. మళ్ళీ పడింది.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

కాసేపటికి కొత్త మనిషి కిటికీలోంచి తొంగి చూశాడు. "ఏమైందమ్మా? పచ్చా ఎరుపా?"

"ఇంకా కొలవలేదు. చల్లారనీ."

"చల్లారేదాకా కూర్చుంటే నాకు రోజుకి నాలుగైనా అవుతాయా?" అని అతను తల గోక్కున్నాడు. అతని మాటా నిజమే. మేలు చేస్తున్నానని చెప్పుకునే ధైర్యం ఆమెకి లేకపోయింది.

తలుపు తెరుచుకుంది. క్వాలిటీ సారు.

"ఏంటి తల్లీ, మిషన్ ఆగిపోయింది?"

"ముక్క చల్లారాలి సార్."

"ఇరవై ఉంది కదా. కానివ్వు."

"ఇరవై లేదు సార్. చెయ్యి పెట్టి చూడండి."

సారు చెయ్యి పెట్టలేదు. దగ్గరికి వచ్చి, గొంతు ఇంకా తగ్గించాడు. "మీ అన్నకి తుక్కు పాకైనా ఉంది. గేటు బయట అదీ ఉండదు. నీకూ ఉండదు, అతనికీ ఉండదు. ఆలోచించుకో."

"రాత్రంతా ఆలోచించాను సార్."

"మరి కొలువు."

"కొలవను సార్. బిళ్ళ ఇవ్వండి, ఇప్పుడే కొలుస్తాను. లేకపోతే చల్లారాక కొలుస్తాను. వేడి మీద ఇరవై అని మాత్రం కొలవను."

సారుకి కోపం రాలేదు. జేబులోంచి ఫోను తీసి, డిస్పాచ్‌లో పనిచేసే అమ్మాయిని చలిగదికి పంపమన్నాడు. ఆ అమ్మాయికి మిషన్ పని కొంత నేర్పింది ఆమే. గోళం తాకించడం వచ్చు, గడులు నింపడం వచ్చు. చెప్పిన అంకె కొట్టడం ఎవరికైనా వచ్చు. సారు తలుపు దగ్గర నిలబడ్డాడు. కిటికీలో కొత్త మనిషి ఒకసారి తెరవైపూ ఒకసారి ఆమెవైపూ చూస్తున్నాడు. బయట అద్దం వెంట అడుగుల చప్పుడు వినిపిస్తోంది.

పాకలో సమ్మెట ఆగింది. అలిసిపోయి ఆపాడో, ఎవరైనా వెళ్ళి చెప్పారో తెలియదు.

ఆమె చేతొడుగు తీసేసి, అరచెయ్యి ముక్క మీద పెట్టింది. ఇంకా వేడిగానే ఉంది. ఆమె కుర్చీలోంచి లేవలేదు.